రంగంలో ఇల్లు

మా పాలకొండ వైపు పెద్దవాళ్ళు రంగూన్ని ఇప్పటికీ రంగం అనే అంటారు. "ఫలానావాడు రంగం పోయాడు" అంటే డబ్బు సంపాదనకి పోయాడని ఒక అర్థం, ఇక వస్తాడో రాడో తెలీదని ఇంకో అర్థం. మా తాత పోయాడు, వచ్చాడు. 1964లో అక్కడి కొట్లన్నీ ప్రభుత్వం తీసేసుకున్నాక పెళ్ళాం పిల్లలతో, ఒక ఇనప పెట్టెతో ఓడ దిగాడు. ఆ పిల్లల్లో పెద్దవాడు మా నాన్న. అప్పటికి పద్నాలుగేళ్ళు. నదికి దగ్గర్లో కెమెండైన్‌లో తమకో చెక్క ఇల్లుండేదనీ, వానాకాలం మెట్ల దాకా నీళ్ళు వచ్చేవనీ నాన్న చెబుతుంటే విని పెరిగినవాణ్ణి నేను. 2013లో కంపెనీ నన్ను యాంగోన్ పంపిస్తానంటే ఇంట్లో అందరికంటే ముందు సరే అన్నది ఆయనే. "ఇల్లు ఎలా ఉందో చూసిరా" అన్నాడు, ఏదో తాళం వేసి వచ్చినట్టు.

చూశాను. అంటే ఆ వీధి అనుకున్నదాన్ని చూశాను. ఎనిమిదంతస్తుల అపార్టుమెంట్లున్నాయి. నాన్నకి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు.

మేం అద్దెకుండేది ఊరి మధ్యలో, నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. యాంగోన్ చూసినవాళ్ళకి తెలుస్తుంది, అక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, చివర ఒక క్లిప్పు. పేపరువాడు పేపరు, కూరలామె కొత్తిమీర దానికి తగిలిస్తే పైకి లాక్కోవాలి. మా అమ్మాయికి అదొక ఆట. మా ఆవిడకి మాత్రం నేల కావాలి. ముగ్గు వేసుకోడానికి నాలుగడుగుల వాకిలి, కరివేపాకు మొక్కకి ఒక మూల. పైగా అద్దె ఏడాదిది మొత్తం ముందే కట్టాలి, ఏడాది తిరగ్గానే ఇంటాయన ఎంతంటే అంత పెంచి మళ్ళీ కొత్త కాగితం రాయాలి. ఐదో ఏడు వచ్చేసరికి ఆమె అంది, "ఇంత పోసినదాంట్లో సగం ఇల్లు వచ్చేసేది."

అలా 2018లో సౌత్ ఒక్కలాపలో ఆ ఇల్లు చూశాం. ఇరవై అడుగుల వెడల్పు, అరవై పొడవు స్థలం. ముందు చిన్న వాకిలి, వెనక పనసచెట్టు. 2008లో నర్గీస్ తుపాను కప్పు లేపుకుపోయినా ఆ చెట్టు మాత్రం నిలబడిందట. వీధిలో మధ్యాహ్నం పూట వినబడేది ఎక్కడో కుట్టుమిషను చప్పుడు ఒక్కటే. గేటు పక్కన చెక్క స్టాండు మీద రెండు మట్టికుండలు, మూత మీద బోర్లించిన గ్లాసు. దారినపోయేవాళ్ళు తాగడానికి. బర్మాలో చాలా ఇళ్ళ ముందు ఇవి ఉంటాయి. మనం చలివేంద్రం ఎండాకాలం పెట్టి పేపర్లో ఫొటో వేయించుకుంటాం. వీళ్ళు ఏడాది పొడుగునా పెట్టి మరిచిపోతారు.

లోపల ఒక స్తంభానికి ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ వేలాడుతోంది. అది ఇంటిని కాపాడే మహాగిరి నాట్ అనే దేవతకి. ఆయన కథ మీకు చెప్పాలి. పూర్వం తగౌంగ్ అనే రాజ్యంలో ఒక మహా బలశాలి కమ్మరి ఉండేవాడు. వీడి బలం చూసి రాజుకి భయం వేసింది. వాడి చెల్లెల్ని రాణిగా చేసుకుని, బావగా కోటకి పిలిపించి, చెట్టుకి కట్టి తగలబెట్టించాడు. చెల్లెలూ అదే మంటలో దూకింది. కాలిన ఒంటికి చల్లగా ఉంటుందని కొబ్బరికాయ పెడతారట. చుట్టరికం కలుపుకుని పిలిచి చంపేసినవాడే చివరికి అందరి ఇళ్ళకీ కాపలా. అప్పుడు ఇదొక వింత కథలాగే విన్నాను.

ఇల్లు నచ్చింది. ధర మన రూపాయల్లో 80 లక్షల దాకా, కష్టపడితే తూగుతాం. అడ్డం ఒక్కటే. 1987లో వచ్చిన చట్టం ప్రకారం విదేశీయుడికి ఇక్కడ ఇల్లూ స్థలం అమ్మకూడదు, ఇవ్వకూడదు, తాకట్టూ పెట్టకూడదు. ఏడాదికి మించి లీజు కూడా కుదరదు. మా అద్దె కాగితం ఏడాదికోసారి ఎందుకు చస్తుందో నాకప్పుడు అర్థమైంది. 2016లో కాండోమినియం చట్టం వచ్చి, పెద్ద భవనాల్లో నలభై శాతం దాకా ఫ్లాట్లు విదేశీయులు కొనొచ్చన్నారు గానీ, ఆకాశంలో ఇల్లయితే ఉన్నది చాలు కదా అంది మా ఆవిడ.

దారి చూపించినవాడు మా అన్న. సొంత అన్న కాదు. యాంగోన్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన, నాలుగో తరం. చిన్న టీకొట్టు. ఆయన తెలుగు ముత్తాతతో ఓడలో వచ్చిన తెలుగు, అలాగే ఉండిపోయింది. మా జిల్లాలో కూడా ఇప్పుడు వినబడని మాటలు ఆయన నోట వింటాను. ఇంట్లో ఒక తెలుగు పేరుంది, కార్డు మీద బర్మా పేరుంది. 1982 పౌరసత్వ చట్టం మనుషుల్ని మూడు రంగుల్లో విడదీసింది: పూర్తి పౌరులకి గులాబి కార్డు, అనుబంధ పౌరులకి నీలం, దరఖాస్తు పెట్టుకుని అయినవాళ్ళకి ఆకుపచ్చ. ఆయన గులాబి కార్డు కోసం తాతల కాగితాలు మోసుకుని ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆ కార్డుని ప్లాస్టిక్ సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టుకుంటాడు.

"నా పేర్న రాయించీ తమ్ముడూ. పేరుదేటున్నాది. ఇల్లు నీది, పేరు నాది" అన్నాడు టీ కలుపుతూ.

ఇలా చెయ్యడం అక్కడ కొత్తేం కాదు. చాలామంది చేశారు. ఆయన మీద నాకు అనుమానం కూడా లేదు. వాళ్ళ అటక మీద ఒక ఇత్తడి గుండిగ ఉంది. 1964లో పక్కింటి తెలుగువాళ్ళు వెళ్ళిపోతూ, మళ్ళీ వస్తాం ఉంచమని ఆయన తాతకిచ్చి పోయారు. రాలేదు. అరవై ఏళ్ళవుతోంది, ఏ పెళ్ళికీ దాన్ని వాడలేదు, అమ్మలేదు. ఏటా దసరాకి దించి చింతపండుతో తోమి మళ్ళీ పైన పెడతారు. ఇలాంటి ఇంట్లో నా 80 లక్షలు భద్రంగా ఉంటాయనడంలో సందేహమేముంది?

నాన్నకి ఫోన్ చేశాను. పొంగిపోయాడు. "మన ఇల్లు మళ్ళీ మనకొచ్చినట్టేరా" అన్నాడు. పేరు విషయం కొంచెం నసుగుతూ చెబితే, "దానికేముంది, సీతంపేట తోట లేదా మనకి" అనేశాడు.

అక్కడ ఆగిపోయాను నేను.

నాన్న ఏజెన్సీలో టీచరుగా చేశాడు. ఎనభైల్లో సీతంపేట పక్కన ఐదెకరాల జీడితోట కొన్నాడు. కొన్నది నాన్న, కాగితం మీద ఉన్నది ఒక సవర రైతు పేరు. కారణం తెలుగు పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు, అయినా విదేశాల్లో పెరిగిన పిల్లల కోసం చెబుతాను. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులు కొనకూడదు. 1917 నాటి మద్రాసు చట్టంతోనే కట్టడి మొదలైంది. 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, దాన్ని 1970లో బిగించారు, అదే మనం 1/70 అనేది. షావుకార్లు ఉప్పుకీ పొగాక్కీ అప్పులిచ్చి కొండవాళ్ళ భూములు రాయించుకోబట్టి, 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయి శ్రీకాకుళం కొండలు అంటుకోబట్టి, అది అంత గట్టిగా వచ్చింది. గట్టిగా వచ్చిందన్నమాటే గానీ, కొండ దిగువన ఏ ఊళ్ళో అడిగినా 'మా ఏజెన్సీ తోట' అనేవాళ్ళు కనబడతారు. మేమూ అందులోవాళ్ళమే.

చిన్నప్పుడు నాకిందులో తప్పేం కనబడలేదు. వేసవిలో తోటకి వెళ్ళేవాళ్ళం. ఆ సవర రైతు నన్ను భుజానెక్కించుకుని తిప్పేవాడు. నాకంటే ముప్ఫయ్యేళ్ళు పెద్దవాడు, నన్ను "బాబూ" అనేవాడు, నేను "ఒరే" అనకపోయినా పేరు పెట్టి పిలిచేవాణ్ణి. అన్న అని గానీ మావా అని గానీ పిలవాలని ఎవరూ నేర్పలేదు. ఆ పిలుపులో ఉన్న ఎత్తుపల్లం నాకు యాంగోన్ టీకొట్టులో, బర్మా పేరున్న తెలుగువాడు నన్ను "తమ్ముడూ" అంటుంటే తెలిసింది.

రెండు వారాల పాటు నాలో నేను వాదించుకున్నాను. మొదట నాన్న తరపున. మేం డబ్బిచ్చి కొన్నాం, ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. రంగంలో మా ఇల్లు పోయినప్పుడు ఎవరూ పైసా ఇవ్వలేదు. రెండూ ఒకటెలా అవుతాయి? బాగానే ఉంది. కానీ డబ్బిచ్చామన్న మాట చెట్టియార్లు కూడా అన్నారు. దిగువ బర్మాలో వరి పండే పదమూడు ముఖ్య జిల్లాల్లో 1930లో ఆరు శాతం భూమి వాళ్ళ చేతిలో ఉండేది. ధాన్యం ధర పడిపోయి రైతులు బాకీలు తీర్చలేకపోతే 1938కల్లా అది నాలుగో వంతయింది. ఒక్క గజం కూడా దొంగతనం కాదు. అంతా కోర్టు కాగితాల మీద, పద్ధతిగా జరిగింది. పొలం పోయిన రైతుకి ఆ పద్ధతి ఏం ఓదార్పునిస్తుంది? 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పెంచమని సమ్మె చేసిన మన కోరంగి కూలీలకీ, వాళ్ళ బదులు పనిలోకి తెచ్చిన బర్మా కూలీలకీ కొట్లాట జరిగి వందమందికి పైగా, ఎక్కువగా మనవాళ్ళే, చచ్చిపోయారు. ఒక్క ఎకరం లేని కూలివాడు ఎకరాలున్నవాడి మీది కోపానికి కూడా బలయ్యాడని నేననుకుంటాను. బర్మావాళ్ళు మన మొహాల్లో తేడా చూడలేదు.

సరే, అయితే ఆ 1987 చట్టం న్యాయమైనదేనా? అలాగని నేననలేను. 1/70 బలవంతుడి నుంచి బలహీనుణ్ణి కాపాడ్డానికి పుట్టింది. ఇక్కడి చట్టం తీసుకొచ్చింది, అక్కడే పుట్టిన మా నాన్నలాంటి పిల్లల్ని కూడా ఓడెక్కించిన సైనిక పాలకులు. గోడ అంటే గోడే, గాలివాన ఆపడానికి కట్టిందీ ఉంటుంది, జైలుకి కట్టిందీ ఉంటుంది. పోనీ చెడ్డవాళ్ళు చేసిన చట్టం గనక దాటేస్తానంటే, మంచివాళ్ళు చేసిన చట్టాన్ని మా ఇంట్లో ఎందుకు దాటేశాం? నాకు పనికొచ్చిన చోట మొదటి వాదన, పనికిరాని చోట రెండో వాదన. ఎన్ని మెలికలు తిప్పినా ఇక్కడికే వచ్చి చిక్కుకునేది.

చివరికి చట్టం సంగతి పక్కన పెట్టి, బేనామీలో నిజంగా కొనేదేమిటా అని చూసుకున్నాను. ఇంటికి ఇంటి ధర ఇస్తున్నాం. దాంతోపాటు ఒక మనిషి పేరు, అతను నోరు మెదపకుండా ఉండడం, ఇవి రెండూ తీసుకుంటున్నాం. వాటికి ఏం ఇస్తున్నాం? పట్టుబడితే పోయేది నాకు డబ్బు. ఆయనకి పోయేది ప్లాస్టిక్ సంచిలో దాచుకున్న కార్డు విలువ. "తాతలనాడు వచ్చి ఇంకా పరాయివాళ్ళ కోసమే పనిచేస్తున్నావా" అని ఏ గుమాస్తా అయినా అడగొచ్చు. నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకని అన్న అంటాడు. నిజమే, ఆ గుండిగకి కాగితం లేదు. కానీ గుండిగ ఇచ్చినవాళ్ళు వేరే గతిలేక ఇచ్చారు. నాకు గతి ఉంది. నాది సౌకర్యం.

ఇంటి పెద్దావిడ అడిగిన ప్రశ్న కూడా ఒకటుంది. డెబ్భై దాటిన మనిషి. యాభైల చివర సైన్యం ఆపద్ధర్మ ప్రభుత్వం నడిపినప్పుడు ఊరి మధ్యలో గుడిసెల్లో ఉన్నవాళ్ళని లారీల్లో తెచ్చి ఒక్కలాపలోనూ థాకేటాలోనూ పొలాల్లో దింపారు. చిన్నపిల్లగా ఆమె అలా వచ్చింది. నాలుగు కర్రలు పాతి ఇదే మీ స్థలం అన్నారట, మోకాలి లోతు బురద. అంటే నేను ప్రశాంతమైన వీధి అని మురిసిపోయినది, వెళ్ళగొట్టబడ్డవాళ్ళు వచ్చి పడ్డ చోటు. రెండోసారి వెళ్ళినప్పుడు అన్నని చూపించి నన్నడిగింది: "కాగితం ఈయనది. ఉండేది మీరు. వాకిట్లో కుండల్లో నీళ్ళు ఎవరు పోస్తారు?"

అన్న దాన్ని తెలుగులో చెప్పి నవ్వాడు. ఆమె నవ్వలేదు. మంచి మాటే అడిగానన్నట్టు జవాబు కోసం చూస్తూ కూచుంది. మా ఆవిడ "నేను పోస్తానని చెప్పండి" అంది. ఆ మాట నాకింకా గుచ్చుకుంటుంది. ఎందుకంటే ఆ సాయంత్రమే నేను వద్దని చెప్పేశాను.

మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "మీ నీతి ఖరీదు మా వాకిలి" అంది. తప్పని ఎలా అనను? అన్న కూడా నొచ్చుకున్నాడు. "నన్ను నమ్మనేదేటి?" అన్నాడు. నమ్మబట్టే అని చెప్పాను గానీ ఆయనకి ఎక్కలేదు. మరీ దాస్తే బాగుండదు గనక ఇదీ చెబుతున్నాను: నా నిర్ణయంలో నీతి ఎంతో, భయం ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ సైన్యం వచ్చి కూర్చున్నాక హైదరాబాదు నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేసి, కొనకపోవడం ఎంత తెలివైన పని చేశావురా అన్నాడు. సిగ్గేసింది. తెలివితేటల కోసమైతే రెండు వారాలు నిద్ర మానుకోనక్కర్లేదు కదా.

ఆ ఏడే మా ఆవిడా అమ్మాయీ విశాఖపట్నం వెళ్ళిపోయారు. నేను ఉద్యోగం కోసం ఒక చిన్న గది తీసుకుని ఉండిపోయాను. 2024 ఫిబ్రవరిలో కుర్రాళ్ళు సైన్యంలో చేరాలన్న చట్టం అమల్లో పెట్టగానే అన్న కొడుకు థాయిలాండ్ దాటిపోయాడు. నాలుగు తరాల తర్వాత ఆ ఇంట్లోంచి మళ్ళీ ఒకడు పొట్ట చేతపట్టుకుని, దేశం దాటి. ఒక్కలాప ఇల్లు ఎవరో కొన్నారు, పడగొట్టి ఐదంతస్తులు లేపారు. గేటు పక్కన కుండల స్టాండు మాత్రం మళ్ళీ పెట్టారు. పనసచెట్టు లేదు.

సీతంపేట సంగతి మిగిలింది. పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాక, 2023 వేసవిలో వెళ్ళాను. ఆ సవర రైతు అంతకుముందే పోయాడు. తోట ఇప్పుడు ఆయన కొడుకు పేర ఉంది. నా ఈడువాడే. నన్ను "బాబూ" అనే పిలిచాడు. రైతులకి ప్రభుత్వం వేసే డబ్బు అతని ఖాతాలో పడితే, ఏటా బ్యాంకుకెళ్ళి తీసి, బస్సెక్కి వచ్చి మా నాన్న చేతిలో పెట్టి, నాన్న తిరిగిచ్చే రెండు వేలు తీసుకుని వెళతాడని అప్పుడే తెలిసింది. చెట్టు కింద కూచున్నాక, నేల మీద పుల్లతో గీస్తూ అడిగాడు, "బాబూ, పిల్లని పాలకొండలో చదివించాలనుంది. కాగితం మీద లోను ఇస్తారంట. తీసుకోమంటావా?" తన పేర ఉన్న భూమి మీద అప్పు తెచ్చుకోడానికి నా అనుమతి అడుగుతున్నాడు.

తీసుకో అన్నాను. ఆ రాత్రి నాన్నతో తోట వదిలేద్దామన్నాను. ఆయన గట్టిగా అరవలేదు. డెబ్భై మూడేళ్ళ మనిషి, మంచం మీద లేచి కూచుని, "నీ ఇంజనీరింగ్ ఫీజు ఏ చెట్టు మీద కాసిందనుకున్నావు?" అన్నాడు. తర్వాత కాసేపటికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఒక ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణిరా. ఇంకోటి పోగొట్టుకోమంటావు" అన్నాడు. నా దగ్గరున్న వాదనలన్నీ నలభై రెండేళ్ళవాడివి. పద్నాలుగేళ్ళప్పుడు ఓడ అంచున నిలబడ్డవాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఖాతాలో పడే డబ్బు మాత్రం ఇక తీసుకోవద్దన్నాను. ఒప్పుకున్నాడు. మిగిలింది నేను పోయాక చూసుకో అన్నాడు.

తమ్ముడి వరసవాడు ఒకడు పోయిన వేసవిలో యాంగోన్ వస్తుంటే నాన్న అతని చేత రెండు కిలోల జీడిపప్పు పంపాడు. సగం తీసుకెళ్ళి అన్నకిచ్చాను. కొడుకు వెళ్ళినప్పటి నుంచీ కొట్టులో ఒక్కడే ఉంటున్నాడు. ఒక పప్పు నోట్లో వేసుకుని, "ఎంత తియ్యగున్నాదో. ఎక్కడివి తమ్ముడూ?" అన్నాడు.

"మా తోటవే" అన్నాను.